పెద్ద కంపెనీలో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ పెడుతున్నాం, సైట్ వాళ్లు ఎక్సెల్ వదలట్లేదు, ఎలా ముందుకెళ్లాలి?

ప్లాన్‌సెల్_14

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఈసారి నిజంగా సలహా కావాలి, పోస్టు పెద్దదైంది ఏమనుకోకండి.

నేను ఒక పెద్ద ఈపీసీ కంపెనీలో (డిజైన్, కొనుగోళ్లు, నిర్మాణం మూడూ చేసేది) సెంట్రల్ ప్లానింగ్‌లో చేస్తాను. ఇప్పుడు 14 ప్రాజెక్టులు నడుస్తున్నాయి, ఒకచోట ఇంకా పైలింగ్ (మొదట్లో పునాది స్తంభాల పని), ఇంకోచోట కమిషనింగ్ (చివర్లో పరీక్షించి నడిపించడం), ఒక్కోటి ఒక్కో దశలో ఉంది. ఇన్నాళ్లూ షెడ్యూలు ప్రైమావెరా అనే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో, మిగతాదంతా ఎక్సెల్‌లో, మెయిల్‌లో, వాట్సాప్‌లో నడిచింది. పోయిన ఏడాది మేనేజ్‌మెంట్ ఒక క్లౌడ్ ప్లాట్‌ఫామ్ కొనింది, డ్రాయింగులు, ఆర్ఎఫ్ఐలు (డిజైనర్‌ని అడిగే సందేహాలు), సబ్మిటల్స్ (అప్రూవల్‌కి పంపేవి), ఇన్‌స్పెక్షన్లు, డైలీ రిపోర్టు, పంచ్ లిస్టు (చివర్లో సరిచేయాల్సిన లోపాల జాబితా) అన్నీ ఒకేచోట ఉంటాయి. కొనేముందు చూపించిన ప్రెజెంటేషన్‌లో మెకిన్సే వాళ్ల 2017 రిపోర్టు అంకె ఉంది, ఇరవై ఏళ్లలో ప్రపంచం మొత్తం మీద ఉత్పాదకత ఏటా 2.8 శాతం చొప్పున పెరిగితే కన్‌స్ట్రక్షన్‌లో 1 శాతమే పెరిగిందని. ఆ అంకె మా పెద్దవాళ్ల మనసులో బాగా నాటుకుంది, ఇక ఆలస్యం వద్దు అన్నారు.

పైలట్‌గా ఒక ప్రాజెక్టులో ఆరు నెలలు నడిపాం. 160 లాగిన్లు ఇస్తే రోజూ వాడేది 40 మంది లోపే. సైట్ వాళ్లు ముందు ఎక్సెల్‌లో డీపీఆర్ (రోజువారీ పని రిపోర్టు) చేసి మెయిల్ పెడతారు, తర్వాత తీరిక దొరికితే సాఫ్ట్‌వేర్‌లో కొడతారు. ఒకసారి లాగ్ తీసి చూస్తే వారం రిపోర్టులన్నీ ఒకే శనివారం రాత్రి పదకొండు గంటలకి వరసపెట్టి ఎక్కించి ఉన్నాయి. అందులో రెండు రోజులకి వాతావరణం అన్నచోట ఎండ అని ఉంది, అవే రెండు రోజులు వాన వల్ల రాఫ్ట్ కాంక్రీటు ఆగిపోయిందని వాళ్లే నాకు మెయిల్ పెట్టారు! అడిగితే, సార్ అది ముందురోజు రిపోర్టు కాపీ చేస్తే అలాగే వచ్చేసింది అన్నారు. వాళ్లని తిట్టాలనిపించలేదు, వాళ్ల పరిస్థితి నేను చూస్తూనే ఉన్నా.

ఇప్పుడు పైనుంచి వచ్చిన మాట ఏంటంటే మూడు నెలల్లో 14 ప్రాజెక్టుల్లోనూ ఒకేసారి మొదలుపెట్టండి అని. నాకేమో పైలట్‌లోనే కుదుటపడనిది అన్నిచోట్లా ఎలా పెడతాం అని భయంగా ఉంది. అన్నీ ఒకేసారా, ఒక్కొక్కటిగానా? సగంలో ఉన్న ప్రాజెక్టుల్ని కదపాలా వద్దా? అన్నిటికంటే ముఖ్యంగా, సైట్ ఇంజినీర్లు మనసుపెట్టి వాడాలంటే ఏం చేయాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

గ్రిడ్‌లైన్_బి7

అన్నా, నేను సైట్ ఇంజినీర్‌ని, ఎనిమిదేళ్లు అయింది, ఇప్పటికి ఇలాంటివి మూడు సాఫ్ట్‌వేర్లు చూశా. ఆ శనివారం రాత్రి పదకొండు గంటలకి కూర్చుని కొట్టినవాడి ప్లేసులో నన్ను నేను చూసుకున్నా కాబట్టి రాస్తున్నా.

పొద్దున ఆరున్నరకి టూల్‌బాక్స్ మీటింగ్, అక్కడ్నుంచి రీబార్ (కాంక్రీటులో వేసే ఇనుప కడ్డీలు) చెకింగ్, కన్సల్టెంట్‌ని బతిమాలి ఇన్‌స్పెక్షన్ చేయించుకోవడం, సాయంత్రం పోర్, అంటే కాంక్రీటు పోయడం, మొదలైతే అది రాత్రి ఎప్పటికి అవుతుందో తెలీదు. అయ్యాక కంటైనర్ ఆఫీసుకొచ్చి ఎక్సెల్ డీపీఆర్, ఎందుకంటే ప్రాజెక్టు మేనేజర్ అదే అడుగుతాడు, క్లయింట్ ఫార్మాట్‌లో ఇంకోటి, మళ్లీ సాఫ్ట్‌వేర్‌లో మూడోసారి అవే అంకెలు. మూడోసారి కొట్టినదాన్ని ఎవరైనా చదువుతారా అంటే ఎవరూ చదవరు, అది మాకు తెలుసు. చదవని చోట జాగ్రత్తగా రాయమంటే ఎవడు రాస్తాడు చెప్పండి.

మా దగ్గర పోర్ కార్డు (ప్రతి పోర్‌కీ నింపే చెక్‌లిస్టు) యాప్‌లో పెట్టినప్పుడు 42 గడులు, అన్నీ తప్పనిసరి. స్లంప్ (కాంక్రీటు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత), ఉష్ణోగ్రత, ట్రక్కు నంబరు, ఇవి సరే. బ్లాక్‌వర్క్ చెక్‌లిస్టులోంచి తెచ్చిన గడులు కూడా అందులోనే ఉన్నాయి, వాటిలో వర్తించదు అని పెట్టకపోతే సేవ్ అవ్వదు. గ్లవ్స్ తీసి, చెయ్యి తుడుచుకుని, ఎండలో కనపడని స్క్రీన్ మీద ఇవన్నీ నొక్కాలి, ఈలోగా రెండో ట్రక్కు వచ్చి నిలబడుతుంది. అందుకే అందరం కాగితం మీద రాసుకుని తర్వాత కొట్టేవాళ్లం. ఒక క్వాలిటీ ఇంజినీర్ మేడమ్ వచ్చి మాతో పాటు రెండు పోర్లు నిలబడి చూశారు, ఆ తర్వాత 42 కాస్తా 11 అయ్యాయి, ఆ వారం నుంచే కార్డులు పోర్ దగ్గరే నిండటం మొదలైంది. ఎవ్వరూ మమ్మల్ని బలవంతపెట్టలేదు.

ఇక నేను నమ్మినదెప్పుడో చెప్తా. పాత ప్రాజెక్టులో ఒక ఎక్విప్‌మెంట్ ఫౌండేషన్‌లో యాంకర్ బోల్టులు పెట్టాం. ఫోర్‌మాన్ దగ్గర ఉన్నది డ్రాయింగ్ రివిజన్ సి, లామినేట్ చేయించి జేబులో పెట్టుకున్నాడు పాపం, శ్రద్ధగల మనిషి. రివిజన్ డి అప్పటికి తొమ్మిది రోజుల కిందటే వచ్చి ఎవరి మెయిల్‌లోనో ఉంది, అందులో ఒక వరస బోల్టులు 150 మిల్లీమీటర్లు జరిగాయి. కాంక్రీటు పడ్డాక తెలిసింది. కోర్ కటింగ్, కెమికల్ యాంకర్లు, డిజైన్ వాళ్ల అప్రూవల్, మూడు వారాలు పోయాయి. ఆ ఫోర్‌మాన్ ఆ తర్వాత చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేకపోయాడు, తప్పు తనది కాకపోయినా. తర్వాతి ప్రాజెక్టులో టాబ్లెట్‌లో డ్రాయింగ్ తెరిస్తే పాతది అసలు కనపడదు, ప్రింటు మీద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఇది పాతబడింది అని ఎర్రగా వస్తుంది. అది చూసిన రోజున ఫోర్‌మాన్లు తమంతట తామే టాబ్లెట్ అడిగి తీసుకున్నారు.

నేను చెప్పేది ఒక్కటే అన్నా. డ్రాయింగులతో మొదలుపెట్టండి, అది సైట్ వాడికి ఇచ్చే విషయం. డైలీ రిపోర్టు సైట్ వాడి దగ్గర్నుంచి తీసుకునే విషయం, దాన్ని తర్వాత తెండి. మీరు బహుశా రిపోర్టుతో మొదలుపెట్టారు.

బేస్‌లైన్_రివ్3

బి7 గారు చెప్పినదానికి నూటికి నూరు శాతం ఒప్పుకుంటా. నేను ప్లానింగ్ వైపు, రెండు కంపెనీల్లో ఈ రోలౌట్ చేశాను, ఒకటి పోయింది ఒకటి నిలబడింది, కాబట్టి రెండు రకాలూ తెలుసు.

పోయినచోట మేం చేసింది సరిగ్గా మీ మేనేజ్‌మెంట్ ఇప్పుడు అడుగుతున్నదే. అన్ని ప్రాజెక్టుల్లో ఒకే నెలలో గో లైవ్. ట్రైనర్లు నలుగురు, సైట్లు పదికి పైన, ప్రతి సైట్‌కీ రెండు రోజుల క్లాసు ఇచ్చి వెళ్లిపోయారు. మూడో రోజు ఒకడికి ఫోటో అప్‌లోడ్ అవ్వలేదు, ఎవర్ని అడగాలో తెలీదు, ఎక్సెల్‌కి వెళ్లిపోయాడు, ఇక వెనక్కి రాలేదు. క్లాసు కాదండి కావాల్సింది, మొదటి నెలంతా సైట్‌లోనే కూర్చునే మనిషి కావాలి, వాడు సాఫ్ట్‌వేర్ కంపెనీవాడు అయితే లాభం లేదు, పోర్ కార్డు అంటే ఏంటో తెలిసిన సైట్ మనిషి అయ్యుండాలి. నిలబడిన కంపెనీలో పైలట్ ప్రాజెక్టు నుంచి ఇద్దరు ఇంజినీర్లని ఆరు నెలలు పూర్తిగా ఇదే పనికి తీశాం, వాళ్ల ప్రాజెక్టు మేనేజర్ ఎంత గొడవ చేసినా సరే.

సగంలో ఉన్న ప్రాజెక్టుల గురించి: మూడో వంతు పైగా అయిపోయినవాటిలో అన్ని మాడ్యూళ్లూ పెట్టకండి, పాత రికార్డు ఒకచోట కొత్తది ఒకచోట అయ్యి చివర్లో హ్యాండోవర్ డాక్యుమెంట్లు వెతుక్కోలేక చస్తారు. కమిషనింగ్‌లో ఉన్నదాంట్లో మాత్రం పంచ్ లిస్టు ఒక్కటి పెట్టొచ్చు, దానికి వెనకటి చరిత్ర అక్కర్లేదు, ఫోటో తీసి డ్రాయింగ్ మీద పిన్ను గుచ్చితే సబ్‌కాంట్రాక్టర్‌కి వెళ్లిపోతుంది, వారంలో ఫలితం కనపడుతుంది. పైలింగ్‌లో ఉన్నదాంట్లో మొత్తం పెట్టండి. అంటే మేనేజ్‌మెంట్‌కి 14 ప్రాజెక్టుల్లోనూ మొదలైంది అని చెప్పుకోవడానికీ ఉంటుంది, మీరు నిజంగా మోయాల్సింది నాలుగైదే.

ప్రైమావెరాని కదపొద్దు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, కొత్త ప్లాట్‌ఫామ్‌లో కూడా షెడ్యూల్ మాడ్యూల్ ఉంది కదా అని ప్లానర్లని అందులోకి తోస్తారు. వేల యాక్టివిటీల లాజిక్, కాలెండర్లు, బేస్‌లైన్లు అక్కడే ఉండనివ్వండి, యాక్టివిటీ ఐడీ ద్వారా కలపండి చాలు. సైట్ నుంచి శాతం అడగకండి, పరిమాణం అడగండి. ఎంత అయింది అంటే ఎనభై శాతం అంటాడు, వచ్చే నెల అడిగినా ఎనభై ఐదే అంటాడు. ఎన్ని టన్నుల రీబార్ కట్టారు, ఎన్ని క్యూబిక్ మీటర్లు పోశారు అంటే అబద్ధం ఆడటానికి ఉండదు. శాతం లెక్క మీరు ముందే కట్టిపెట్టుకోండి, మేం ఫౌండేషన్‌కి రీబార్ అయితే 35, ఫార్మ్‌వర్క్ (కాంక్రీటు పోసే అచ్చు) 20, కాంక్రీటు 40, బోల్టు సర్వే అయ్యాక చివరి 5 అని పెట్టుకున్నాం.

ఇంకో మాట, ఇది ఎవరూ ఓపెన్‌గా చెప్పరు గానీ అసలు అడ్డు ఇక్కడే ఉంది. సైట్ ఇంజినీరు కాదు, ప్రాజెక్టు మేనేజర్. ఇప్పటిదాకా ఆయన నెలకోసారి రివ్యూలో తనకి తోచినట్టు చెప్పుకునే వీలుంది, రెండు వారాలు వెనకబడితే ముందు తనే సర్దుకునేందుకు టైముంది. ఇప్పుడు డాష్‌బోర్డు మీద ఎర్రరంగు హెడ్డాఫీసులో ముందు కనపడుతుంది, ఆయన టీ తాగకముందే ఫోను వస్తుంది. మా మొదటి కంపెనీలో అదే జరిగింది. ఒక డైరెక్టర్ గారు ప్రతి ఎర్ర చుక్కకీ ఫోన్ చేశారు, నెల తిరిగేసరికి డాష్‌బోర్డు అంతా పచ్చగా మారిపోయింది, సైట్‌లో పని మాత్రం అక్కడే ఉంది. రెండోచోట ముందే రాతపూర్వకంగా మాట తీసుకున్నాం, మొదటి ఆరు నెలలు డాష్‌బోర్డు చూసి ఎవరూ సైట్‌కి ఫోన్ చేయరు, ప్రాజెక్టు మేనేజర్ తన కామెంట్ రాశాకే హెడ్డాఫీసుకి కనపడుతుంది అని. మీరు మేనేజ్‌మెంట్ దగ్గర ఒక్కటే అడగగలిగితే టైము అడగకండి, ఈ మాట అడగండి.

కొలతల_పుస్తకం

నేను కాంట్రాక్ట్స్ మనిషిని. ఆ ఎండ అన్న విషయం చదివి గుండె ఆగినంత పనైంది, అందుకే వచ్చా.

ప్లాన్‌సెల్ గారూ, మీ కాంట్రాక్టు ఫిడిక్ (నిర్మాణ కాంట్రాక్టుల అంతర్జాతీయ నమూనా) ఆధారంగా ఉంటే 1999 రెడ్ బుక్ 20.1 క్లాజు తీసి ఒకసారి చదవండి. సంఘటన గురించి తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 28 రోజుల్లో నోటీసు ఇవ్వకపోతే అదనపు టైమూ లేదు, డబ్బూ లేదు. 2017 ఎడిషన్‌లోనూ ఆ 28 రోజులు అలాగే ఉన్నాయి. నోటీసు ఇచ్చాక దాన్ని నిలబెట్టేవి అప్పటికప్పుడు రాసిన రికార్డులు, సైట్ డైరీలు. అలాంటిది మీ సొంత సిస్టమ్‌లో, టైమ్‌స్టాంపుతో సహా, ఆ రోజు ఎండ అని ఉంటే అవతలివాళ్లకి అదొక్కటి చాలు. ఎక్సెల్ కాలంలో అయితే తప్పు అని దిద్దేవాళ్లం, ఇందులో ఎవరు ఎప్పుడు కొట్టారో, ఎప్పుడు మార్చారో అన్నీ నిలిచిపోతాయి. అది మంచిదే, నిజాయితీగా నింపితే మనకి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. నేను చూసిన ఒక క్లెయిమ్‌లో మా ఆర్ఎఫ్ఐ జవాబు కోసం డిజైనర్ దగ్గర 37 రోజులు ఆగిందని సిస్టమ్ లాగే చెప్పింది, మేం ఒక్క లెటరు కూడా వెతకాల్సిన పని పడలేదు.

కాబట్టి ఈ విషయం సైట్ వాళ్లకి చెప్పండి, వాళ్ల మీద నిఘా కోసం కాదు, రేపు ఆలస్యం మీ వల్లే అని ఎవరైనా అంటే మిమ్మల్ని కాపాడేది ఇదే అని. నేను ప్రతి కొత్త బ్యాచ్‌కీ గంట సేపు ఇదే మాట్లాడతా, బటన్లు ఎక్కడున్నాయో చెప్పే క్లాసు కంటే ఇది వింటారు.

రెండోది, వాతావరణం, మనుషుల లెక్క, మెషిన్ల లెక్క ఈ మూడింటికీ ముందురోజు నుంచి కాపీ అనే బటన్ తీసేయించండి. ప్లాట్‌ఫామ్‌లో మామూలుగా సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. వాతావరణం దానంతట అదే వచ్చేలా కూడా పెట్టొచ్చు, కాకపోతే పని ఎన్ని గంటలు ఆగిందో మనిషే రాయాలి.

మూడోది సబ్‌కాంట్రాక్టర్లు, కన్సల్టెంటు. మీరు ఎంత బాగా పెట్టినా కన్సల్టెంటు కాగితం మీద సంతకం చేసిందే అప్రూవల్ అంటే మీ వాళ్లు రెండు పనులూ చేయాల్సిందే. కొత్త కాంట్రాక్టుల్లో సిస్టమ్‌లో ఇచ్చిన అప్రూవల్ చెల్లుతుందని, ఫలానా ప్లాట్‌ఫామ్ ద్వారానే కమ్యూనికేషన్ అని ముందే రాయించుకోండి. నడుస్తున్నవాటిలో అయితే అందరూ సంతకం పెట్టిన చిన్న ప్రొసీజర్ ఒకటి కావాలి, ఒట్టి మెయిల్ సరిపోదు.

సర్వర్‌రూమ్

ఐటీ నుంచి నాలుగు మాటలు.

పైలట్‌లో ముందు మాస్టర్ డేటా (అందరూ వాడే కోడ్లు, పేర్లు) శుభ్రం చేశారా? మా దగ్గర 9 ప్రాజెక్టుల కాస్ట్ కోడ్లు ఒకచోటికి తెస్తే ఒకే పనిని ఒకరు సెంట్రింగ్, ఒకరు షట్టరింగ్, ఒకరు ఫార్మ్‌వర్క్ అన్నారు, ఇంకొకరు దాన్ని కాంక్రీటులోనే కలిపేశారు. ఇది సరిచేయకుండా సాఫ్ట్‌వేర్‌లోకి పోస్తే ఏ రెండు ప్రాజెక్టులనీ పోల్చలేరు. దీనికి మాకు నాలుగు నెలలు పట్టింది, అందులో సాఫ్ట్‌వేర్ పని ఏమీ లేదు, క్వాంటిటీ వాళ్లని, ఎకౌంట్స్ వాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి ఒప్పించడమే. డాక్యుమెంట్ల పేర్లు, స్టేటస్‌ల విషయంలో కొత్తగా కనిపెట్టకండి, నిర్మాణ సమాచారం కోసం ఉన్న ప్రమాణం ఐఎస్ఓ 19650 లో 2018 నుంచే ఉంది, పని జరుగుతున్నది, షేర్ చేసింది, పబ్లిష్ చేసింది, ఆర్కైవ్, ఈ నాలుగు స్థితులు. సైట్‌కి పబ్లిష్ అయిందే కనపడాలి. బి7 గారి ఫోర్‌మాన్‌కి జరిగింది జరగకుండా ఉండేది దానివల్లే.

ఆఫ్‌లైన్ టెస్టు ఆఫీసులో చేయకండి. బేస్‌మెంట్ రెండో లెవెల్‌కి టాబ్లెట్ పట్టుకెళ్లి ఇద్దరితో ఒకే చెక్‌లిస్టు నింపించి, పైకొచ్చాక సింక్ చేయించి చూడండి. మాకు ఒకరిది ఇంకొకరి మీద పడి ఎగిరిపోయింది, మంచిదే, పైలట్‌లో తెలిసింది.

ఇక డేటా బయటికి తెచ్చుకునే దారి. పెద్ద ప్రాజెక్టు ఐదారేళ్లు నడుస్తుంది, ఈలోగా సాఫ్ట్‌వేర్ యజమాని మారొచ్చు. ప్రైమావెరాని 2008లో ఒరాకిల్ కొంది, అకోనెక్స్‌ని కూడా 2018లో వాళ్లే కొన్నారు, ప్లాన్‌గ్రిడ్‌ని అదే ఏడాది ఆటోడెస్క్ కొంది. కొన్నాక పేర్లు మారతాయి, లైసెన్సు పద్ధతి మారుతుంది, కొన్ని మాడ్యూళ్లు ఆగిపోతాయి. అందుకని 3డీ మోడళ్లు ఐఎఫ్‌సీ అనే ఓపెన్ ఫార్మాట్‌లో, డాక్యుమెంట్లు పీడీఎఫ్‌లో, రిజిస్టర్లు సీఎస్‌వీలో, ఆడిట్ లాగ్‌తో సహా ఎప్పుడంటే అప్పుడు తీసుకునే హక్కు అగ్రిమెంట్‌లో ఉండాలి. ఉంటే సరిపోదు, ఏడాదికోసారి నిజంగా తీసి తెరిచి చూడండి.

ప్లాన్‌సెల్_14

ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. బి7 గారు అన్నది కరెక్టే, మేం రిపోర్టుతోనే మొదలుపెట్టాం, ఎందుకంటే మేనేజ్‌మెంట్‌కి కావాల్సింది అదే కాబట్టి. డ్రాయింగులు ఇప్పటికీ ట్రాన్స్‌మిటల్ మెయిల్‌లోనే వెళ్తున్నాయి, చదువుతుంటే సిగ్గేసింది.

నిన్న మా డైరెక్టర్ గారితో మాట్లాడా. బేస్‌లైన్ గారు చెప్పినట్టు కమిషనింగ్‌లో ఉన్న మూడింటికి పంచ్ లిస్టు, మొదట్లో ఉన్న నాలుగింటికి మొత్తం, మిగతా ఏడింటికి డ్రాయింగులు మాత్రమే అని ప్లాను చూపించా. ఆయన ఒప్పుకున్నారు. ఫోన్ చేయకూడదన్న మాట మాత్రం రాతలో ఇవ్వలేదు, చూద్దాం అన్నారు. మళ్లీ అడుగుతా, ఆ వాన రోజుల రిపోర్టు ప్రింటు తీసుకెళ్లి ముందు పెడతా ఈసారి.

ఒక్క డౌటు మిగిలింది. ఎక్సెల్ డీపీఆర్‌ని ఎప్పుడు ఆపాలి? ఒకేసారి ఆపేస్తే సిస్టమ్ పడిపోయిన రోజు ఏంటి అని ప్రాజెక్టు మేనేజర్లు అడుగుతున్నారు.

గ్రిడ్‌లైన్_బి7

తేదీ ముందే చెప్పి ఆపేయండి అన్నా, రెండూ కలిపి నాలుగు వారాలకి మించి నడపకండి. మా దగ్గర పని చేసిన పద్ధతి ఏంటంటే, ప్రాజెక్టు మేనేజర్ గారు ఆ తేదీ తర్వాత వచ్చిన ఎక్సెల్ మెయిల్ తెరవడం మానేశారు, పొద్దున మీటింగ్‌లో సిస్టమ్ రిపోర్టునే స్క్రీన్ మీద వేసి చదివేవారు. అందులో నా పేరు పక్కన నిన్నటి పోర్ లేకపోతే అందరిముందూ లేనట్టే. రెండు రోజుల్లో అందరం దారికొచ్చాం. సిస్టమ్ పడిపోయిన రోజుకి ఒక్క పేజీ కాగితం ఫారం పెట్టుకోండి, అవే 11 గడులు అదే వరసలో, సైట్ ఆఫీసులో ఒక ప్యాడ్ వేలాడదీయండి. ఏడాదిన్నరలో మేం దాన్ని నాలుగుసార్లు వాడాం.

బేస్‌లైన్_రివ్3

దీనికి ఒకటి కలుపుతా, సిస్టమ్ రిపోర్టు క్లయింట్ ఫార్మాట్‌లోనే ప్రింటు వచ్చేలా ముందే టెంప్లేట్ చేయించండి, ఆపే తేదీకి కనీసం రెండు వారాల ముందు క్లయింట్‌కి చూపించి సరే అనిపించుకోండి. లేకపోతే మీరు ఎక్సెల్ ఆపినా క్లయింట్ కోసం సైట్ వాడు చాటుగా చేస్తూనే ఉంటాడు. మీ డైరెక్టర్ గారితో రెండోసారి మాట్లాడాక ఇక్కడ అప్‌డేట్ పెట్టండి, మాకూ తెలుసుకోవాలని ఉంది.